యిర్మియా నేర్పిన రివర్స్

మా షాదీపూర్ వీధిలో యిర్మియా గారి గొంతు తెలియనివాళ్లు లేరు. గొంతు కన్నా ముందు ఆయన విజిల్ తెలుసు. హార్బరుకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు బండ్లను దాటించే ఫెర్రీ మీద ఆయన లస్కరు, అంటే డెక్కు పనివాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. ఆ ఫెర్రీకి ర్యాంపు ఒక్కవైపే ఉంది. అందుచేత ప్రతి బండీ వెనక్కి నడిచి లోపలికి ఎక్కాలి, అవతలి ఒడ్డున ముందుకు దిగి తన దారిన పోవాలి. ఆ వెనక్కి నడిపించే పని యిర్మియా గారిది. నోట్లో విజిల్, గాలిలో రెండు చేతులు. అరచెయ్యి తనవైపు ఊపితే రమ్మని. వేళ్లు ఎటు వంచితే అటు తిప్పమని. పిడికిలి బిగిస్తే ఆగమని. రెండు లారీల నడుమ జానెడు సందు మిగిల్చి, ఆ సందులో ఒక స్కూటరును కూడా దూర్చి, దాని మీద కోళ్ల బుట్టతో ఉన్న మనిషిని దిగనివ్వకుండా ఒడ్డు దాటించిన రోజులున్నాయి.

ఆ చేతులకు సాయం ఆయన నోరు.

"అరే భయ్యా, లైసెన్స్ లాటరీలో తగిలిందా?"

"అది స్టీరింగా, కొబ్బరికాయా? అలా ఊపి చూస్తున్నావేం, నీళ్లున్నాయా అని?"

ఎంత పెద్ద ఆఫీసరు బండి అయినా, డ్రైవరుకు మీసాలు ఎంత పొడుగున్నా, ఆ ర్యాంపు మీద మాట పడాల్సిందే. పడ్డారు కూడా. ఎందుకంటే ఆయన చేతుల్ని నమ్మి వెనక్కి నడిచిన బండి ఏదీ ఇంతవరకు నీళ్లలో పడలేదు.

అటువంటి యిర్మియా గారికి కారు నడపడం రాదు.

వచ్చా అని ఎవరూ అడగలేదు, రాదని ఆయన చెప్పలేదు. రోజుకు నలభై మంది డ్రైవర్లను తిట్టే మనిషిని, నీకు వచ్చా అని ఎవరడుగుతారు? డ్యూటీకి ఆయన బస్సులో వెళ్తారు. అంత పెద్ద ఫెర్రీ చూసుకునే మనిషికి చిన్న బండ్ల మీద మోజుండదని మేమే ఆయన తరఫున ఒక కారణం కూడా తయారుచేసి పెట్టుకున్నాం.

గొడవ ఆయన భార్య ప్రేమావతి గారి వల్ల వచ్చింది. ఆవిడ నర్సరీ బడిలో టీచరు. మా దీవుల్లో వాన సంగతి తెలిసిందే. ఏడాదిలో సగం పైన వాన, మిగతా సగంలో కూడా నమ్మకం లేదు. ఇరవై ఏళ్లు స్కూటీ మీద తడిసి తడిసి, ఫిబ్రవరిలో ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చారు. మెయిన్‌లాండుకు ట్రాన్స్‌ఫర్ అయిన ఒక ఆఫీసరు తన పాత ఆల్టో అమ్ముకుపోతుంటే కొని ఇంటి ముందు పెట్టించారు.

"ఇక మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను" అన్నారు భర్తతో.

"పొద్దస్తమానం బండ్లతోనే కదా ప్రేమా, ఇంటికొచ్చి కూడా బండేనా?" అన్నారు యిర్మియా గారు. "అబిగేలుకి పద్దెనిమిది నిండాయి. దానికి నేర్పుతాను. మనిద్దరం వెనక సీట్లో దొరల్లాగా కూర్చుందాం."

ప్రేమావతి గారు దాన్ని కూతురి మీద ప్రేమ అనుకున్నారు. అబిగేలు ఎగిరి గంతేసి, ఆ వారంలోనే లెర్నింగ్ లైసెన్సు తెచ్చుకుంది.

ఆ సాయంత్రం యిర్మియా గారు మా వరండాలోకి వచ్చి, కూర్చోకుండా నిలబడ్డారు.

"దీదీ, మీకు కారు లైసెన్సు ఉంది కదూ?"

"ఉంది భయ్యా. ఏం?"

"నేర్చుకునే పిల్ల పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలంట. కానూన్."

"మీరుండగా నేనెందుకు?"

ఆయన మా క్రోటన్ మొక్కల్ని ఒకటొకటిగా చూశారు. తర్వాత నావైపు చూశారు. "పద్మిని దీదీ, ఇది మీ కడుపులో ఉండాలి" అని మొదలుపెట్టి, పైన నేను ముందే చెప్పేసిన సంగతి ఎంతో కష్టంమీద చెప్పారు.

ఆయన అంత నిజం చెప్పాక నేనూ ఒకటి చెప్పక తప్పింది కాదు. నా లైసెన్సు నిజమైనదే. కానీ కారు స్టీరింగు ముట్టుకుని ఇరవై రెండేళ్లయింది. ఆ లైసెన్సు మీద ఫోటోలో ఉన్న పిల్ల ఇప్పటి నాలో మూడో వంతు ఉంటుంది.

"పరవాలేదు దీదీ, కార్డు ఉంటే చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

"ఎలా చూసుకుంటారు?"

"బయట నిలబడి."

"ప్రేమావతి గారికి చెప్పేస్తే పోదా? అబిగేలుకైనా?"

"దానికే తెలియకూడదు" అన్నారాయన. "రెండో క్లాసులో ఉండగా, మా నాన్న రోజుకు నలభై బండ్లు నడుపుతాడని టీచరుతో చెప్పొచ్చింది దీదీ. పిల్లలందరూ చప్పట్లు కొట్టారంట. ఇంటికొచ్చి నాకు చెప్పింది. నేను కాదనలేదు. పదేళ్లు దాటిపోయాక ఇప్పుడేమని కాదంటాను?"

అలా కానూను కోసం నేను కారులో, గౌరవం కోసం ఆయన కారు బయట, నేర్చుకోవడం కోసం పిల్ల స్టీరింగు ముందు కుదురుకున్నాం. అంతకుముందు కారు అప్పగించిన రోజున ఆఫీసరు గారి డ్రైవరు ఒక పది నిమిషాలు అబిగేలును కూర్చోబెట్టి ఇది క్లచ్చు, ఇది బ్రేకు, గేర్లు ఇలా అని చూపించి వెళ్లాడు. ముగ్గురిలో పద్ధతిగా ఎవరైనా ఏమైనా విన్నారంటే అదే.

మా వీధి చివర పునాదుల దాకా లేచి ఆగిపోయిన ఒక ఇంటి స్థలం ఉంది. సాయంత్రం నాలుగింటికి అక్కడ క్లాసు. యిర్మియా గారు చొక్కా టక్ చేసుకుని, విజిల్ మెడలో వేసుకుని కారు వెనక నిలబడ్డారు.

"డాడీ, మీరు వెనకున్నారేంటి? ముందుకు కదా వెళ్లాలి?"

"ముందు లోపలికి రావడం నేర్చుకో బేటా. బయటికి ఎవడైనా పోతాడు."

ఆ మాట నాకు ఎంతో గొప్పగా తోచింది. ఆ తర్వాత రెండు వారాలకు గానీ అందులో మోసం అర్థం కాలేదు. ఆయనకు తెలిసిన బండి చదువంతా వెనక్కి నడిచేదే. ముందుకు పోయే బండ్లు అవతలి ఒడ్డున ఆయనతో పనిలేకుండా వాటంతటవే దిగిపోతాయి.

కానీ వెనక్కి మాత్రం ఎలా నేర్పారనుకున్నారు. అబిగేలు సీట్లో సగం తిరిగి, మెడ వెనక్కి పెట్టి, వెనక అద్దంలోంచి తండ్రి చేతులు చూస్తూ కారును నడిపేది. మొదట రెండు డీజిల్ పీపాల మధ్యకు. తర్వాత ఆ పీపాల్ని దగ్గరకు జరిపారు. తర్వాత ఒక పీపా తీసి అక్కడ నీళ్ల బిందె పెట్టారు. మూడో వారానికి, ఆరేసిన చీరల తీగ కింద నుంచి వెనక్కి వచ్చి, ఒక్క చీర కుచ్చు కూడా కదలకుండా, బిందెకు బెత్తెడు దూరంలో ఆపేది. విజిల్ ఊదడం మానేసి ఆయన చేతులు కట్టుకుని చూసేవారు. ఆ చూపులో ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు తృప్తి కనిపించేది.

తర్వాత ముందుకు నడపడం దగ్గర వచ్చింది కష్టం. చేతులైతే ఊపుతున్నారు గానీ, పిల్ల అడిగే ప్రశ్నలు చేతులతో చెప్పేవి కావు.

"డాడీ, సెకండ్ గేరు ఎప్పుడు వెయ్యాలి?"

"బండి అడిగినప్పుడు."

"క్లచ్చు ఎంత వదలాలి?"

"థోడా. సరిపడా."

"సరిపడా అంటే?"

"ఆంటీని అడుగు. పక్కన లైసెన్సు పెట్టుకుని నన్నడుగుతావేం?"

పిల్ల నావైపు తిరిగేది. నేను కిటికీలోంచి మొక్కలవైపు తిరిగేదాన్ని. "ఈ కొత్త మోడళ్లు నాకు తెలీవమ్మా" అనేదాన్ని. ఆ కారు వయసు అబిగేలు వయసు కన్నా రెండేళ్లే తక్కువ.

ఫలితం ఏమిటంటే, ముందుకు పోనిస్తే కుదిపి ఆగిపోయే కారు, వెనక్కి మాత్రం పాములా వెళ్లేది. స్థలం నుంచి ఇంటికి వీధి పొడుగునా పిల్ల రివర్సులోనే వచ్చేది. తొందరగా అవుతుంది కదా ఆంటీ అనేది. కొన్నాళ్లకు మా వీధి కుక్కలు కూడా కారు వస్తుంటే దాని డిక్కీ వైపు నిలబడి మొరగడం అలవాటు చేసుకున్నాయి.

ఇదంతా ఎదురింటి తాతబ్బాయి గారు చూస్తున్నారు. ఆయన ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి కిందటి ఏడాదే రిటైరయ్యారు. రోజూ సాయంత్రం స్టీలు గ్లాసులో టీ పట్టుకుని పిట్టగోడ మీద కూర్చుంటారు. సర్వీసులో ఉండగా ఆయన బస్సు కొన్ని వందలసార్లు యిర్మియా గారి ఫెర్రీ ఎక్కింది. ప్యాసింజర్ల ముందు ఆయన ఎన్ని మాటలు పడ్డారో ఆయనకే లెక్క.

"ఏటి యిర్మియా, పిల్ల ఎనక్కే ఎల్తంది? పరీచ్చకి కూడా ఎనక్కే ఎల్తాదా?"

"అది నేర్పే పద్ధతి భాయ్. ముందు ఫౌండేషన్."

"పౌండేషనే అవుతంది గానీ, ఇల్లు ఎప్పుడు కడతావు?"

యిర్మియా గారు వినబడనట్టు విజిల్ తుడుచుకున్నారు.

పరీక్ష ఏప్రిల్‌లో ఒక శుక్రవారం పడింది. దానికి ముందు ఆదివారం, చర్చి అయ్యాక, ప్రేమావతి గారు స్త్రీల కూటమిలో ఉండిపోతే, తండ్రీకూతుళ్లు నన్ను ఎక్కించుకుని ఎత్తు మీద సాధనకు బయలుదేరారు. మా వీధి నుంచి పెద్ద రోడ్డుకు ఎక్కే దారి నిటారుగా ఉంటుంది. పరీక్షలో ఎత్తు మీద ఆపి, మళ్లీ కదిలించమంటారని అబిగేలు స్నేహితురాళ్లు చెప్పారట.

యిర్మియా గారు తెల్ల చొక్కాలో ఎత్తు సగంలో మా ముందు నిలబడ్డారు. విజిల్ ఊదారు. అరచెయ్యి తనవైపు ఊపారు, రా రా అని. కారు నాలుగు బారలు ఎక్కింది. కుదిపింది. ఆగిపోయింది. అబిగేలు బ్రేకు తొక్కి మళ్లీ స్టార్టు చేసింది. బ్రేకు మీంచి కాలు తీసింది.

కారు మెల్లగా వెనక్కి బయలుదేరింది.

ఎదుట అద్దంలో యిర్మియా గారు రా, రా అంటున్నారు. కారు పోతోంది. ఆయన ఇంకా గట్టిగా చెయ్యి ఊపారు. కారు ఇంకా వేగంగా పోయింది. ఇన్నేళ్లలో ఆయన పిలిచిన బండి ఆయన దగ్గరికి రాకపోవడం అదే మొదలు. నమ్మలేక రెండు చేతులతోనూ పిలిచారు. క్రమంగా ఆయన అద్దంలో ఒక తెల్ల చుక్క అయ్యారు. ఆ చుక్కకు ఇంకా రెండు చేతులు ఆడుతున్నాయి. నేను సింహాచలం అప్పన్నకు మొక్కుకుంటున్నాను, ఏం మొక్కుకున్నానో తర్వాత గుర్తు రాలేదు.

అబిగేలు మొహంలో అప్పటిదాకా ఉన్న కంగారు పోయింది. బండి తనకు తెలిసిన వైపు వెళ్తోంది కదా. సీట్లో సగం తిరిగి, చెయ్యి నా సీటు వెనక వేసి, చేపల గంప పక్కనుంచి, ఆగి ఉన్న ఆటోను తప్పించి, నడిరోడ్డు మీద పడుకున్న కుక్కను చుట్టి, మలుపు తిరిగి, వాళ్ల ఇంటి గేటు రెండు స్తంభాల మధ్యకు కారును మెత్తగా దూర్చి హ్యాండ్ బ్రేకు లాగింది.

"ఆంటీ, భయపడ్డారా?"

"లేదమ్మా" అన్నాను. అప్పన్నను ఇంకా వదల్లేదు.

పది నిమిషాలకు యిర్మియా గారు నడిచి వచ్చారు. మెడలో విజిల్ అటూ ఇటూ ఊగుతోంది. తాతబ్బాయి గారు టీ గ్లాసు గోడ మీద పెట్టారు.

"ఇల్లయితే కట్టీసినావు యిర్మియా. ద్వారబందం పెరటేపు పెట్టీసినావంతే."

వీధిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. యిర్మియా గారు కూడా నవ్వినట్టే చేశారు.

"ఒక్కపాలి నువ్వెక్కి సూపించు" అన్నారు తాతబ్బాయి గారు. "పిల్ల సూసి నేర్సుకుంటాది. ఎన్నాళ్లని బయట నిలబడి సేతులూపుతావు?"

"అవును డాడీ" అంది అబిగేలు. "ఒక్కసారి."

"చర్చి బట్టలమ్మా."

"కారులో ఏం మాస్తాయి?"

"మోకాలు పట్టేసింది. ఎత్తు దిగాను కదా."

"డాడీ, పరీక్ష శుక్రవారం."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. అందుకే ఆయన దానికి సాకు వెతకలేకపోయారు. ఆమె స్టీరింగు ముందు నుంచి దిగి పక్క సీటుకు వచ్చింది. నేను వెనక సీటుకు మారాను. యిర్మియా గారు జీవితంలో మొదటిసారి ఒక కారులో కుడివైపు కూర్చున్నారు. తలుపు వేసుకున్నారు. లోపలి అద్దం సర్దారు, రుమాలుతో తుడిచారు, మళ్లీ సర్దారు. కిటికీ అద్దాలు పైకెత్తారు. బయట తాతబ్బాయి గారు చేతులు కట్టుకుని గోడ దిగి వచ్చి నిలబడ్డారు.

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు యిర్మియా గారు.

ఏ పనికైనా ముందు ప్రార్థన వాళ్లింటి అలవాటు. బయటివాళ్లు కూడా మర్యాదగా తలలు వంచారు. ఆయన కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. "పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు వందనములు. ఈ దినము వరకు మమ్మును నీ రెక్కల నీడను కాపాడినందుకు స్తోత్రములు." ఆ తర్వాత సంఘం కోసం ప్రార్థించారు. సంఘ పెద్దల కోసం, సముద్రం మీద ఉన్న ఓడల కోసం, ఓడల్లో ఉన్న సిబ్బంది కోసం, ఫెర్రీ ఇంజను కోసం, వీధిలో జబ్బుపడ్డ వాళ్ల కోసం పేరుపేరునా ప్రార్థించారు. జబ్బు నయమైన వాళ్ల కోసం కూడా ప్రార్థించారు. ప్రార్థన అయిపోకుండా ఉండడానికి ఆ మనిషి పడుతున్న పాట్లు చూడలేక నేను కళ్లు తెరిచాను. అబిగేలు అప్పటికే తెరిచి ఉంది. ఆమె తండ్రి పాదాల వంక చూస్తోంది. ఆయన బూట్లు రెండూ కింద చీకట్లో ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఏదో వెతుకుతున్నాయి. కుడికాలు క్లచ్చు మీదికి వెళ్లింది. ఎడమకాలికి ఏమీ మిగల్లేదు.

పిల్ల చాలాసేపు అలాగే చూసింది.

యిర్మియా గారి ప్రార్థనకు మనుషులు అయిపోయారు. గొంతు బాగా తగ్గించి అన్నారు. "ప్రభువా, నీకు మరుగైనది ఏదియు లేదు. నాకు ఈ బండి నడుపుట రాదని నీకు తెలియును. ఎన్నడును రాలేదనియు తెలియును. ఈ బిడ్డ ఎదుట నన్ను సిగ్గుపడనియ్యకుము."

మనిషికి చెప్పలేనిది దేవుడికి చెప్పుకున్నారు. పక్కనే మనిషి వింటే అది ఆయన తప్పు కాదు.

తర్వాత అబిగేలు కూడా కళ్లు మూసుకుని, అదే గొంతుతో అందుకుంది. "తండ్రీ, నీ దాసుని ఎడమ పాదమునకు దొరకవలసినది క్లచ్చు అని తెలియజేయుము. నడుమనున్నది బ్రేకు. కుడివైపునది యాక్సిలరేటరు. కుడికాలితోనే రెండునూ తొక్కవలెనని ఆయనకు బోధించుము."

యిర్మియా గారి కుడి బూటు మెల్లగా క్లచ్చు మీంచి దిగింది.

"క్లచ్చు సగము వదిలినప్పుడు బండి కొంచెము వణకును" అని పిల్ల ప్రార్థన సాగించింది. "అక్కడ ఆపవలెనట తండ్రీ. ఆ మీదట ఏమి చేయవలెనో నాకును తెలియదు. అదే మాకు కావలెను. ఆమేన్."

"ఆమేన్" అన్నారు యిర్మియా గారు. నేనూ అన్నాను.

ఆయన తాళంచెవి మీద చెయ్యి వేసి ఉంచారు. పిల్ల ఆయన వంక చూడలేదు, ఎదుట అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. నాలుగు బారలు ఎలాగో కదిలించి దిగిపోతే ఆయన పరువు ఆయనకు దక్కేది. తాతబ్బాయి గారికి అంతకన్నా చూపించక్కర్లేదు. కానీ ఆయన తాళంచెవి వదిలేశారు.

"నాలుగు బారలు నేను పోతే నువ్వు పాసవుతావా?" అని, తలుపు తీసుకుని దిగి, తిన్నగా తాతబ్బాయి గారి దగ్గరికి వెళ్లారు. వీధిలో అందరూ వినేట్టే చెప్పారు.

"భాయ్, నాకు నడపడం రాదు. వెనక్కి పిలవడం ఒక్కటే వచ్చు. శుక్రవారం పిల్ల పరీక్ష. నువ్వు నేర్పాలి."

తాతబ్బాయి గారు ఈ రోజు కోసం ఎన్నేళ్లు కాచుకున్నారో ఏమో. తీరా వచ్చేసరికి ఏం చేసుకోవాలో తోచనట్టు నిలబడ్డారు.

"నలభై మంది పేసింజర్లుండగా నన్నేటన్నావో గేపకం ఉందా?"

"ఉంది భాయ్. ఎడ్లబండి నయం అన్నాను."

"ఎడ్లబండి కాదు. దున్నపోతు అన్నావు."

"అదీ అన్నాను. అది ఇంకోసారి."

రెండూ ఒప్పుకున్నాక మూడోది అడగడానికి తాతబ్బాయి గారికి మనసొప్పలేదనుకుంటాను. గ్లాసులో మిగిలిన టీ పారబోసి, "పిల్లని స్టీరింగు కాడికి రమ్మను" అన్నారు.

ఆ సాయంత్రం తాతబ్బాయి గారు ముందు సీట్లో కూర్చుని, అరవకుండా, ఎత్తు మధ్యలో కారు ఆపించారు. "బండి వణికిందా? అక్కడే ఉంచు కాలు. ఇప్పుడు గేసు ఇయ్యి. ఇప్పుడు బ్రేకు ఒగ్గీ." కారు వెనక్కీ జారలేదు, ముందుకీ దూకలేదు. ఒక్క క్షణం ఆ నిటారు దారి మీద గోడకు కొట్టిన మేకులా నిలబడి, ఎక్కడం మొదలుపెట్టింది. నా అవసరం తీరిపోయినా నేను దిగలేదు. వెనక సీట్లో నా పక్కన యిర్మియా గారు. ఆయన చెయ్యి దానంతటదే లేచి రా రా అంటోంది.

"ఆ సెయ్యి దించు యిర్మియా" అన్నారు తాతబ్బాయి గారు అద్దంలో చూసి. "వస్తంది కదా."

తిరిగొచ్చేసరికి గేటులో ప్రేమావతి గారు. భర్త వెనక సీట్లోంచి దిగడం చూశారు. ఆయనకు అప్పటికే నిజం చెప్పడం అలవాటైనట్టుంది, ఆవిడ అడగకముందే చెప్పేశారు.

ఆవిడ కోప్పడలేదు. అనుమానంగా చూశారు. "మరి పెళ్లి మాటల్లో మా నాన్న అడిగితే వచ్చన్నారే?"

"అనలేదు ప్రేమా. తల ఊపాను."

"ఊపినందుకే ఇచ్చారండీ. మీకు పోటీగా వచ్చిన సంబంధం వైర్‌లెస్ ఆపరేటరు. కారు నడిపేవాడైతే ఎప్పటికైనా పిల్ల తడవదు అన్నారు మా నాన్న. ఇప్పుడు కారు కొన్నామని తెలిసి, వచ్చే ఆదివారం భోజనానికి రమ్మన్నారు కూడాను. అల్లుడు కారులో వస్తుంటే చూస్తానని గేటు దగ్గర కుర్చీ వేయించుకుంటారట."

తాతబ్బాయి గారు తనకు పనుందని వెళ్లిపోయారు.

శుక్రవారం అబిగేలు పాసయింది. ఎత్తు మీద ఆపింది, కదిలించింది. ఆఖర్న రివర్సు చేసి చూపించమంటే, ఆ ఇన్‌స్పెక్టరు గారు కాగితం మీంచి తలెత్తేలోపలే అయిపోయిందట. ఆయన చూడలేదని మళ్లీ చేయించుకున్నారట.

ఆదివారం డైరీ ఫార్మ్ పేటలో ఉన్న పుట్టింటికి బయలుదేరుతూ ప్రేమావతి గారు నన్నూ రమ్మన్నారు. అబిగేలు నడిపింది. మామగారి ఇల్లు ఇంకో మలుపులో వస్తుందనగా యిర్మియా గారు "ఆపు" అన్నారు. పిల్ల ఆపింది. ఆమె చెయ్యి సీటు బెల్టు మీదికి వెళ్లింది. కావాలంటే చోటు మారుదాం అన్నట్టు తండ్రి వంక చూసింది. చివరి వంద గజాలు చదును రోడ్డే. ప్రేమావతి గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, తనకేమీ కనబడటం లేదన్నట్టు కూర్చున్నారు.

ఆయన తల అడ్డంగా ఊపారు. "నువ్వే పోనియ్యి" అన్నారు.

గేటు ముందు కుర్చీలో ప్రేమావతి గారి నాన్న ఉన్నారు. తొంభై ఒకటో ఏడు, తెల్ల లుంగీ, మోకాళ్ల మీద కర్ర. కారు వచ్చి ఆగడం, స్టీరింగు ముందు మనవరాలు ఉండడం, వెనక తలుపు తీసుకుని అల్లుడు దిగడం అన్నీ చూశారు. అల్లుడు తిన్నగా ఆయన ముందుకు వచ్చి నిలబడ్డారు.

"మామయ్యగారూ, నాకు కారు నడపడం రాదండి. అప్పుడూ రాదు. తాతబ్బాయి అని మా ఎదురింటాయన దగ్గర నేర్చుకుంటున్నాను."

రోడ్డు అక్కడ ఇరుకు, గేటు దానికన్నా ఇరుకు, పక్కన మురుగుకాలువ. వెనకాల ఒక వ్యాను హారన్ కొడుతోంది. యిర్మియా గారు మామగారికి క్షమించండి అని, గేటు లోపలికి వెళ్లి, కూతురి వైపు తిరిగి చేతులెత్తారు. అరచెయ్యి ఊపారు. వేళ్లు ఎడమకు వంచారు. కొంచెం, ఇంకొంచెం. కారు కాలువను ఒరుసుకుంటూ, స్తంభాలకు చెరో నాలుగు వేళ్లు వదిలి, ఒక్క ఊపులో వెనక్కి వచ్చింది. ఆయన పిడికిలి బిగించారు. ఆగింది.

పెద్దాయన కుర్చీలోనే తిరిగి కారును చూశారు, స్తంభాలను చూశారు.

"ఇక్కడిదాకా నడిపిందెవరు?"

"మీ మనవరాలండి."

"మరి నువ్వేం చేశావు?"

"లోపలికి తెచ్చానండి."

పెద్దాయన కర్ర ఊని లేచారు. రెండు అడుగులు వేసి, కారుకూ స్తంభానికీ నడుమ చెయ్యి పెట్టి, నాలుగు వేళ్లు పట్టాయో లేదో కొలిచి చూశారు. తర్వాత ఆ చెయ్యి అల్లుడి భుజం మీద ఆనించి, "పద, చేపల పులుసు చల్లారిపోతుంది" అన్నారు.